పాత జీపు హబ్బుకో గ్రీజు, క్రాసుకో గ్రీజు

మీరు అడిగింది ఇదీ: 1980ల నాటి ఫోర్ వీల్ జీపు, ముందు హబ్బులు విప్పుతున్నారు. నల్ల మోలీ గ్రీజు (మాలిబ్డినం కలిపినది) ఒక్కటి కొంటే అన్నింటికీ సరిపోతుందని షాపతను, పసుపు ఏపీ3 (3 నంబరు లిథియం గ్రీజు) చాలని మెకానిక్కు అంటున్నారు.

ఇద్దరి మాటా సగమే నిజం. హబ్బులోని టేపర్ బేరింగులకు లిథియం ఏపీ3 చక్కగా పనిచేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను శక్తిని యాక్సిలుకు చేర్చే పొడవాటి షాఫ్టు) చివర్లలో వంగే అతుకులైన క్రాసులకు మాత్రం అది సరిపడదు. అందుకని రెండు డబ్బాలు కొనండి: హబ్బులకు లిథియం ఏపీ3 అరకేజీ, క్రాసులకు లిథియం ఈపీ2 (ఎక్కువ ఒత్తిడి తట్టే 2 నంబరు గ్రీజు) అరకేజీ. ముందు చక్రాలు రెండూ పూర్తిచేశాక కూడా మిగులుతుంది.

రంగు చూసి కొనకండి. పసుపు, ఎరుపు, నీలం కంపెనీ కలిపే రంగులే, వాటిని బట్టి గుణం తెలియదు. నలుపు మాత్రం చాలావరకు మాలిబ్డినం వల్లో గ్రాఫైటు వల్లో వస్తుంది. డబ్బా మీద చూడాల్సినవి రెండు: ఏ సోపుతో (నూనెను చిక్కబరిచే పదార్థంతో) చేశారు, గట్టిదనం నంబరు ఎంత. నంబరు పెరిగేకొద్దీ గ్రీజు గట్టిగా ఉంటుంది. 0 దాదాపు జారుతుంది, 2 వేలికి అంటుకుని నిలుస్తుంది, 3 ఇంకా గట్టి.

హబ్బుకు 3 ఎందుకంటే, చక్రం వేగానికి అది చెదరదు, సీలు దాటి బ్రేకు లైనింగుల మీదికి త్వరగా రాదు. మామూలు లిథియం గ్రీజు 180 డిగ్రీలు దాటాక కరిగి కారుతుంది, కానీ ఆగకుండా పనిచేయాలంటే 120 డిగ్రీల లోపే ఉండాలి. డ్రమ్ము బ్రేకులతో మామూలు రోడ్ల మీద తిరిగే బండికి అది చాలు. డిస్కు బ్రేకులు వేయించి ఉన్నా, లోడుతో తరచూ ఘాట్లు దిగుతున్నా ఇంకా వేడి తట్టే లిథియం కాంప్లెక్సు గ్రీజు తీసుకోండి. వాగులు, బురద పొలాలు ఎక్కువైతే నా ఓటు కాల్షియం సల్ఫొనేటు గ్రీజుకు. నీళ్లలో అది అంత తేలిగ్గా కొట్టుకుపోదు.

మోలీ సంగతి. లోహం మీద లోహం జారే చోట, అంటే సీవీ జాయింటులో (చక్రం మలుపు తిరిగినా శక్తి అందించే అతుకులో), స్ప్లైనుల్లో (షాఫ్టు మీది పళ్లలో), అది మేలు చేస్తుంది. సీవీ జాయింటు గ్రీజుల్లో సాధారణంగా 3 శాతం దాకా ఉంటుంది. హబ్బులో రోలరు దొర్లాలి, జారకూడదు. అక్కడ మోలీ అవసరం లేదు. వేసినంత మాత్రాన బేరింగు పాడైపోదు కానీ, డబ్బుకు తగ్గ లాభమూ లేదు.

క్రాసుల్లో సూదుల్లాంటి రోలర్లు కొద్ది డిగ్రీలే ముందుకూ వెనక్కీ ఊగుతాయి. గ్రీజు సన్నటి రంధ్రాల గుండా క్రాసు నాలుగు చివర్లకున్న కప్పుల్లోకీ చేరాలి. 3 నంబరు దగ్గరి కప్పులోకి వెళ్లి దూరంవాటిని ఎండగడుతుంది. ఈపీ2 నెమ్మదిగా పంపు చేయండి, నాలుగు వైపులా కొత్త గ్రీజు కనిపించేదాకా. ఒక్క కప్పు నుంచి రాకపోతే ఆ కప్పు క్లిప్పు వదులు చేసి మళ్లీ పంపు చేయండి. పాతది తుప్పురంగులో వస్తే క్రాసు మార్చేయడమే.

ముందు యాక్సిలు జాయింటు నకిల్ గుండు (చక్రం దగ్గరి గోళాకారపు కవచం) లోపల మూసి ఉన్న రకమైతే అసలు జాగ్రత్త అక్కడ. దాంట్లో ఏపీ3 కుక్కితే ఒకసారి గోడకు చిమ్మి అక్కడే నిలిచిపోతుంది, జాయింటు దారిలో ఖాళీ మిగిలి అది పొడిగా తిరుగుతుంది. 0 లేదా 00 నంబరు గ్రీజు మళ్లీ జారి వచ్చి జాయింటును తడుపుతుంది. లెవెల్ ప్లగ్గు రంధ్రం అంచు దాకా పోస్తే చాలు. సీలు అరిగి ఉంటే ముందు సీలు మార్చండి, కారడం ఆపడానికని గట్టి గ్రీజు వేయొద్దు.

పాత గ్రీజు మీద కొత్తది పూయొద్దు. బంకమట్టితో చిక్కబరిచిన గ్రీజు, కొన్ని పాలీయూరియా గ్రీజులు లిథియంతో కలిస్తే నీళ్లలా పల్చబడతాయి. పాత బండ్లలో సోడియం గ్రీజు ఉండొచ్చు, అది నీళ్లకు కరిగిపోతుంది. కాబట్టి బేరింగులు, కప్పులు (బేరింగు కూర్చునే బయటి రింగులు), హబ్బు లోపల కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కిరోసిన్ తడి మిగిలితే కొత్త గ్రీజూ పల్చబడుతుంది. గాలి పైపుతో బేరింగును గిర్రున తిప్పొద్దు. రోలరు మీద గుంటలు, నీలం మరకలు కనిపిస్తే కప్పుతో సహా మార్చండి.

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టి, బేరింగు పెద్ద వైపు అంచుతో దాన్ని గీరుతూ పోండి, చిన్న వైపు నుంచి బయటికొచ్చేదాకా. కప్పుకు పల్చగా పూయండి. హబ్బు లోపలి ఖాళీలో మూడో వంతు చాలు, నిండా నింపితే అదే గ్రీజు పిసుక్కుని వేడెక్కుతుంది, సీలును తోసేస్తుంది. సీలు కొత్తది వేయండి. విప్పినప్పుడు గ్రీజు పల్చగా ఉండి గేర్ ఆయిల్ వాసన కొడితే తప్పు గ్రీజుది కాదు, లోపలి యాక్సిలు సీలు పోయింది.

చక్రం తిప్పుతూ నట్టు బిగించండి. బిగుసుకున్నాక ఆరో వంతు తిప్పు వెనక్కి వదలండి. లాకు నట్టు బిగించాక మరోసారి తిప్పి చూడండి, అది లోపలి నట్టును కొంచెం తోస్తుంది. బ్రేకు పెద్దగా వాడకుండా 10 కిలోమీటర్లు నడిపి హబ్బును ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత కాలితే, బ్రేకు పట్టేయడం లేదని తేలాక, జాకీ పెట్టి నట్టు కాస్త వదులు చేయండి. ఆ వేడి గ్రీజు మార్చినంత మాత్రాన తగ్గదు.