మాట ఆపగానే రేడియోలో ఫ్యాన్ హోరు అవతలికి వినిపిస్తోందా? ముందు స్పీచ్ కంప్రెసర్ ఆపండి

హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండ్ మీద మాట్లాడుతుంటే, మీ మాటల మధ్య గదిలోని ఫ్యాన్ హోరు వినిపిస్తోందని అవతలివాళ్లు అన్నారని చెప్పారు. మైక్ పాడైనట్టు లేదు, కొత్తది కొనకండి. కంప్రెసర్ (గొంతులోని చిన్న శబ్దాలను పెద్దవాటి దగ్గరికి పెంచే రేడియోలోని సదుపాయం) ఎక్కువైంది, మైక్ దూరమైంది.

మీ ఐకామ్ ఐసీ-7300 రేడియో మీద, డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే, సిగ్నల్ బయటికి పోనివ్వని పరికరం) పెట్టి:

1. కంప్రెసర్ పూర్తిగా ఆపండి. చాలామంది వదిలేసేది ఇదే. అది ఆన్‌లో ఉండగా మైక్ గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) సరిచేస్తే లెక్క తప్పుతుంది. 15 డీబీ (డెసిబెల్) కంప్రెషన్ అంటే, మీరు ఊపిరి తీసుకునే సందులో ఫ్యాన్ కూడా ఇంచుమించు అంతే పైకి లేస్తుంది.

2. మైక్ నోటికి 5 సెం.మీ. దూరంలో, కాస్త పక్కకు తిప్పి పట్టుకోండి. 20 సెం.మీ. నుంచి 5కి వస్తే గొంతు దాదాపు 12 డీబీ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

3. మామూలు గొంతుతో మాట్లాడుతూ మైక్ గెయిన్ తగ్గించండి. ఏఎల్‌సీ మీటర్ (సిగ్నల్ హద్దు దాటకుండా రేడియో తనంతట తాను ఎంత అదుపు చేస్తోందో చూపేది) స్కేలులో 30–50 శాతం మధ్య ఆడాలి.

4. ఇప్పుడు కంప్రెసర్ ఆన్ చేసి, కాంప్ మీటర్ (కంప్రెషన్ ఎంతో చూపేది) గట్టి మాటలకే 10 డీబీ దాకా వెళ్లేలా ఉంచండి.

5. మెనూలో ఎస్ఎస్‌బీ టీఎక్స్ బాస్ (పంపే గొంతులోని లోతైన స్వరాల అమరిక) −2 చేయండి. ఫ్యాన్ గురగుర తగ్గుతుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మానిటర్‌లో (మీరు పంపే శబ్దాన్ని మీకే వినిపించే సదుపాయం) వినండి. ఇంకా సన్నటి హమ్ (ఆగని గుంయ్ మనే శబ్దం) ఉంటే, మైక్ ప్లగ్ పీకి ముందు ప్యానెల్ మీది ట్రాన్స్‌మిట్ బటన్ నొక్కండి. అప్పుడూ హమ్ పోకపోతే అది గదిది కాదు, పవర్ సప్లై చూడాలి.