బయట అలాయ్ వీల్స్ వేయించుకోండి, కానీ హబ్బు చూసి వేయించుకోండి

"కంపెనీ ఇచ్చిన ఇనుప చక్రాలు తీసేసి బయట అలాయ్ వీల్స్ వేయించుకోవాలని ఉంది, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఏమంటారు?" అని అడిగారు. వేయించుకోండి అనే అంటాను. స్పాయిలర్లు, స్టిక్కర్లు, క్రోమ్ పట్టీల మీద పోసే డబ్బంతా ఒక మంచి చక్రాల సెట్టు మీద పెడితే బండి కళే మారిపోతుంది. కాకపోతే సైజు ఒక్క అంగుళం పెంచండి, అంతకు మించి వద్దు. దానికంటే ముఖ్యం, చక్రం హబ్బు మీద, అంటే చక్రాన్ని తగిలించి బిగించే మధ్య భాగం మీద, ఎలా కూర్చుందో మీ కళ్లతో చూశాకే షాపు నుంచి బయటికి రండి.

మా పిన్ని కొడుకు తన స్విఫ్ట్‌కు 16 అంగుళాల అలాయ్స్ వేయించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. హైవే ఎక్కి ఎనభై దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. షాపుకు తీసుకెళ్తే బ్యాలెన్సింగ్ చేసి, అంటే సీసం ముక్కలు అంటించి చక్రం బరువు అన్నివైపులా సమం చేసి, పంపారు. తగ్గలేదు. మళ్లీ వెళ్తే కొత్త టైర్లు కదా, కుదురుకోవాలన్నారు. ఆ తర్వాత రోడ్డే బాగాలేదన్నారు. వాడికి టెన్షన్ పట్టుకుని, "అన్నయ్యా, పాతవే వేయించేయమంటావా?" అని ఫోన్ చేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో నాకు ఎప్పటినుంచో తెలిసిన ఒక మెకానిక్ బాబాయ్ దగ్గరికి ఇద్దరం వెళ్లాం.

ఆయన బ్యాలెన్సింగ్ మెషీన్ జోలికే పోలేదు. జాకీ ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, వెనక్కి తిప్పి పడుకోబెట్టాడు. మధ్య రంధ్రానికి కొలిచే వెర్నియర్ పెట్టి "చూడు బాబూ, ఇదెంత, బండి హబ్బు ఎంత?" అన్నాడు. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. ఆ చక్రం రంధ్రం 73.1. బయట అమ్మే చక్రాల్లో ఇది మామూలే, ఒకే చక్రం నాలుగైదు రకాల కార్లకు పనికిరావాలని రంధ్రం పెద్దగా వదులుతారు. కంపెనీ చక్రమైతే హబ్బు మీద బిగుతుగా కూర్చుని దానంతటదే నడిమధ్యకు వస్తుంది. ఇక్కడ ఆ పనంతా నాలుగు నట్ల మీద పడింది. షాపువాళ్లేమో బండిని నేలకు దించేసి, ఎయిర్ గన్నుతో వరసగా బిగించేశారు. చక్రం వెంట్రుకవాసి పక్కకు జరిగి అలాగే బిగుసుకుపోయింది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద మాత్రం అంతా సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చక్రాన్ని కోన్ పెట్టి నడిమధ్యకు తెచ్చే తిప్పుతారు. ఎన్నిసార్లు సీసం ముక్కలు మార్చి అంటించినా ఏం లాభం?

బాబాయ్ కుర్రాణ్ణి పంపి 73.1 నుంచి 54.1కి తగ్గించే రింగులు తెప్పించాడు. హబ్బు మీది తుప్పును వైర్ బ్రష్‌తో రుద్ది, రింగును అరచేత్తో తట్టి కూర్చోబెట్టాడు. చక్రం తగిలిస్తే టక్కున కూర్చుని, నట్లు పెట్టకముందే కదలకుండా నిలబడింది. అది గాల్లో ఉండగానే ఎదురెదురు నట్లు స్పానర్‌తో బిగించి, కిందికి దించాక టార్క్ రెంచ్ (బిగువును కొలిచి బిగించే స్పానర్) వేశాడు. ఆ సాయంత్రమే గన్నవరం దాకా వెళ్లొచ్చాం. వందలోనూ స్టీరింగ్ కదల్లేదు. అంత చిన్న రింగు గురించి ఒక్క ముక్క చెప్పకుండా అన్ని వేలు తీసుకున్న షాపు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక్క అంగుళమే ఎందుకంటే, స్విఫ్ట్ టాప్ వేరియంట్ల టైరు 185/65 ఆర్15, అంటే వెడల్పు 185 మి.మీ., అందులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, రిమ్ము 15 అంగుళాలు. దాని సైడ్‌వాల్ ఎత్తు 120 మి.మీ. 195/55 ఆర్16 వేస్తే అది 107 అవుతుంది, 205/45 ఆర్17 అయితే 92. చక్రం మొత్తం ఎత్తు మూడింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. తగ్గేదల్లా గుంతకూ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరే. వానాకాలం నీళ్లు నిండిన గుంత లోతు ఎవరికి తెలుస్తుంది? ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు, అలాయ్ పగిలే ప్రమాదం ఉంది. పగిలినదానికి వెల్డింగ్ పెట్టి, రంగు కొట్టి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అలాయ్‌కు హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన బలం వెల్డింగ్ వేడికి ఆ చుట్టుపక్కల తగ్గిపోతుంది. పైకి మెరిసిపోతూనే ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండికి అలాంటివి వేయకండి.

అలాయ్ అంటే తేలికే అని కూడా నమ్మకండి. చవకరకం పెద్ద చక్రం కంపెనీ ఇనుప చక్రం కంటే బరువుండొచ్చు. షాపులోనే రెండూ చేత్తో ఎత్తి చూడండి. బరువెక్కితే పికప్, మైలేజీ రెండూ పోతాయి, సస్పెన్షన్ మీదా భారం పడుతుంది. చక్రం మీద ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత), మోయగల బరువు, జేడబ్ల్యూఎల్ (అలాయ్ చక్రాలకు జపాన్ ప్రమాణం) లాంటి ముద్ర ఉన్నాయో లేదో వెతకండి. ఆఫ్‌సెట్ పట్టించుకోకుండా మడ్‌గార్డు దాటి టైర్లు బయటికి పొడుచుకొచ్చేలా వేసేవాళ్లను చూస్తుంటాం. వెనక వచ్చే బైకువాళ్ల మొహాన రాళ్లూ బురదా కొట్టడం తప్ప దాంట్లో అందమేముంది? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు.

ఇక నట్లు. సుజుకీలకు 12×1.25 మరలు (12 మి.మీ. మందం, మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ.), హోండా, హ్యుందాయ్‌లకు 12×1.5. అందులోనూ హోండా సొంత నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్స్‌కు ఎక్కువగా కోసుగా ఉన్నవి కావాలి. షాపువాడు చేతికందినవి వేసేయకుండా పక్కనే నిలబడండి. స్టెప్నీ ఇనుపదే ఉంటుంది కాబట్టి పాత నట్లను అక్కడే వదిలేయకుండా డిక్కీలో జాకీ పక్కన ఓ సంచిలో వేసి ఉంచుకోండి.