హవల్దార్ నాన్న, హైదరాబాద్ గేటు, ట్రంక్ రోడ్డు షాపు

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి ప్రశ్న: "మా నాన్న ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే సైన్యం ఫోన్లు, వైర్‌లెస్ చూసే విభాగంలో, 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నారు. 24 వేల జీతం, ఉండడానికి గది. ఇక్కడ ట్రంక్ రోడ్డులో సీసీ కెమెరాలు బిగించే షాపాయన 15 వేలకు రమ్మన్నాడు. నాన్నకు అది చిన్నతనంగా ఉంది. బాబాయేమో మనమే సెక్యూరిటీ ఏజెన్సీ పెడదాం, నీకొచ్చిన డబ్బు పెట్టు అంటున్నాడు. ఇంట్లో రోజూ టెన్షనే. అయిదింటికే అందర్నీ లేపుతారు. సరుకుల లెక్క దగ్గర అమ్మతో గొడవ. ఏ ఉద్యోగం మంచిది సార్?"

అమ్మా, ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మీ నాన్నగారి లాంటి ఒకాయన నా దగ్గరికొస్తే, యూనిఫాం అలవాటున్న మనిషి కదా అని గార్డు ఉద్యోగం చూసుకోమని చెప్పి పంపించేశాను. ఆయన మిలటరీలో ఏళ్ల తరబడి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ నడిపాడట. ఆ సంగతి నేను అడగనేలేదు. తర్వాత ఒక ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కనిపించాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. అప్పట్నుంచి మిలటరీ వాళ్లెవరొచ్చినా ర్యాంకు కంటే ముందు ట్రేడు, అంటే అక్కడ చేసిన పనేంటో, అడుగుతున్నాను.

మీ నాన్నగారు సిగ్నల్స్‌లో లైన్ల పని, ఫైబర్ కేబుల్ అతికే పని చేశారని నీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాశావు. అసలు విషయం అదే. ఇప్పటి కెమెరాలు చాలావరకు నెట్‌వర్క్ మీద నడిచేవే. మామూలు నెట్‌వర్క్ వైరు 100 మీటర్లు దాటితే పనికిరాదు. షాపులో, ఇంట్లో ఆ ఇబ్బంది రాదు. కానీ ముత్తుకూరు వైపు చూడు. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ స్టేషను, గోడౌన్లు. అక్కడ గేటుకీ కంట్రోల్ రూముకీ మధ్య దూరం ఫైబర్ లేకుండా దాటలేరు. విదేశీ ఓడలొచ్చే పోర్టులకు 2004 నుంచి అంతర్జాతీయ భద్రతా నియమాలున్నాయి. ఎవరు లోపలికొచ్చారో, ఎవరు పోయారో లెక్క ఉండి తీరాలి. కెమెరాలు బిగించేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. అర్ధరాత్రి లైను తెగితే ఎక్కడ తెగిందో పట్టుకుని తెల్లారేలోగా కలిపేవాళ్లే దొరకరు. పైగా మన తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, పిడుగులకు నెట్‌వర్క్ వైర్లను కలిపే స్విచ్ పెట్టెలు కాలిపోతాయి. ఎర్తింగ్ సరిగ్గా చేసే మనిషికి పని తక్కువ కాదు. రొయ్యల గుంటల దగ్గర కూడా మోటార్లు దొంగలెత్తుకుపోతున్నారని సోలార్ కెమెరాలు పెట్టించుకునే రైతులున్నారు.

అందుకే నా ఓటు ట్రంక్ రోడ్డు షాపుకే, అదీ ఒక్క ఏడాదికి. రెండు జీతాలకూ తొమ్మిది వేలు తేడా. హైదరాబాద్‌లో తిండి, రానుపోను ఛార్జీలు తీసేశాక చేతిలో ఎంత మిగులుతుందో కాగితం మీద వేయండి. ఆ గేటు దగ్గర పదేళ్లు నిలబడినా కొత్తగా నేర్చుకునేదేమీ పెద్దగా ఉండదు. షాపులో చేరేముందు మాత్రం ఒకటి మాట్లాడుకోవాలి: నిచ్చెనెక్కి మేకులు కొట్టడానికే కాకుండా ఫైబర్ పనులకూ, సెట్టింగులకూ ఆయన్ని పంపాలి. ఆయన కొత్తగా నేర్చుకోవాల్సింది ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో కెమెరాకు ఇచ్చే నంబర్లు), యాక్సెస్ కంట్రోల్ (కార్డు, వేలిముద్రతో తెరుచుకునే తలుపులు), ఫైర్ అలారం ప్యానెల్. ఏడాది తర్వాత పోర్టు, ప్లాంటు కాంట్రాక్టర్ల దగ్గర మెయింటెనెన్స్ ఉద్యోగానికి వెళ్లొచ్చు. బయోడేటాలో "సిగ్నల్స్, హవల్దార్" అని రాసి వదిలేస్తే సివిల్ వాళ్లకు అర్థం కాదు. ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశారు, ఎంతమందితో పని చేయించారు, అది రాయండి.

ప్రభుత్వ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం, కేంద్రం గ్రూప్ సి ఉద్యోగాల్లో 10 శాతం రిజర్వేషన్ ఉంది. పరీక్షలంటే ఇష్టముంటే అదీ ఒక దారే.

బాబాయి మాటకు ఇప్పుడే తలూపొద్దు. ఏజెన్సీకి 2005 చట్టం కింద లైసెన్సు కావాలి. లైసెన్సు ఎలాగో వస్తుందనుకో. గార్డుల్ని పెట్టుకున్న కంపెనీ బిల్లు డబ్బు మూడు నెలలకు ఇచ్చినా, గార్డులకు జీతం, పీఎఫ్ నెలనెలా కట్టాలి. గ్రాట్యుటీ డబ్బు అలా కరిగిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక ఇంటి సంగతి. ఇన్నేళ్లూ ఆ ఇల్లు నడిపింది మీ అమ్మ. మీ నాన్నగారు సెలవుకొచ్చినప్పుడు మీరు ఆయన్ని చుట్టంలా చూసుకున్నారు, ఇప్పుడు ఆయన ఉండిపోయారు. యూనిట్‌లో పొద్దున లేచేసరికి ఎవరి డ్యూటీ ఏంటో బోర్డు మీద ఉండేది. ఇక్కడ ఆయనకు డ్యూటీయే లేదు, అందుకే మీ అందరికీ డ్యూటీలు వేస్తున్నారు. సరుకుల లెక్క అమ్మకే వదిలేసి, కరెంటు బిల్లులు, ఆస్పత్రి కార్డు పనులు, నిన్ను కాలేజీ దగ్గర దింపడం ఆయన తీసుకుంటే బాగుంటుంది. ఈ మాట నువ్వు చెప్పకు, అమ్మ చేత చెప్పించు. అయిదింటికి లేవడం మాత్రం, నీకు పరీక్షల ఏడాది, నేను ఆయన పక్షమే!

నీకూ ఒక పని ఉంది. ఇంటర్‌లో కనీసం 60 శాతం తెచ్చుకుని బీటెక్‌లో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు, ఎంపికైతే అమ్మాయిలకు నెలకు 3,000 రూపాయలు. కాగితాల కోసం నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జ్ బుక్కు, పెన్షన్ ఆర్డరు పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి.

వచ్చేటప్పుడు ఆయన్ని ఈ లెక్క అడుగు. ఒక కల్యాణమండపానికి 16 కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 4 మెగాబిట్లు, 30 రోజుల రికార్డింగు ఉంచాలి. ఎంత హార్డ్‌డిస్క్ కావాలి? ఇరవై టెరాబైట్ల పైచిలుకు వస్తుంది. ఆయన కంటే ముందు నువ్వు చేసేస్తే, ఎలా చేశావో చూపించమని ఆయనే అడుగుతారు.