పోటీ రోజున ఆకాశం పంచుకోవడం గురించి

నాయనా,

పారాగ్లైడింగ్ పోటీలో భద్రత బాధ్యత మొదటిసారి తీసుకుంటున్నావు గనుక ముందు ఎత్తు సంగతి తేల్చుకో. వందమంది దగ్గర వంద రకాల ఎత్తు లెక్కలుంటే నువ్వు గీసిన హద్దుకు విలువ ఉండదు. హద్దు సముద్రమట్టం నుంచా, నేల నుంచా, ఫ్లైట్ లెవెలా అన్నది టాస్క్ (ఆ రోజు ఎగరాల్సిన దారి) బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించు. చాలామంది పొరబడేది ఫ్లైట్ లెవెల్ దగ్గరే. అది విమానాలు వాడే ఎత్తు కొలత, దాన్ని 1013.25 హెక్టోపాస్కల్ పీడనాన్ని సున్నాగా పెట్టుకుని కొలుస్తారు. ఫ్లైట్ లెవెల్ 95 అంటే 9,500 అడుగులు, సుమారు 2,896 మీటర్లు. ఆ రోజు సముద్రమట్ట పీడనం 1003 ఉందనుకో, ఒక్కో హెక్టోపాస్కల్‌కు 8 మీటర్ల చొప్పున ఆ పై హద్దు 80 మీటర్లు కిందికి వస్తుంది. జీపీఎస్ ఎత్తు చూసుకుంటూ ఎక్కేవాళ్లకి ఆ తేడా తెలియదు, తెలియకుండానే విమానాల దారిలో తల దూరుస్తారు. అందుకే లెక్క తేలిన ఎత్తులోంచి ఇంకో 100 మీటర్లు తీసేసి పైలట్లకు చెప్పు. ఎక్కడ ఎగరకూడదో చూపే గగనతలం ఫైలు అందరికీ ఒకటే ఇవ్వు, పేరులో తేదీ పెట్టు. పాత ఫైలుతో ఎగిరినవాళ్లని తర్వాత ట్రాక్‌లాగ్ (ఎగిరిన దారి జీపీఎస్ నమోదు) పట్టిస్తుంది, కానీ అప్పటికే ఆలస్యం.

పక్క హద్దుల్లో గాలిని మరవకు. గాలి గంటకు 20 కిలోమీటర్లు వీస్తుంటే థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) మూడు నిమిషాలు తిరిగేసరికి పైలట్ కిలోమీటరు కొట్టుకుపోతాడు. నిషిద్ధ ప్రాంతానికి గాలివాలు ఎటు ఉందో చూసే టర్న్‌పాయింట్ (పైలట్లు చేరి మలుపు తిరగాల్సిన చోటు) పెట్టాలి.

అన్నిటికంటే భయపడాల్సింది స్టార్ట్‌కి ముందు గంట. పందెం గాల్లోనే మొదలవుతుంది గనుక కాచుకునే గుంపంతా ఒకే థర్మల్‌లో చేరుతుంది. బేసి తేదీన ఎడమకి, సరి తేదీన కుడికి తిరగమని ముందే నియమం పెట్టు, టేకాఫ్ దగ్గర బాణం గుర్తుతో బోర్డు నిలబెట్టు. ఎదురెదురుగా వచ్చే ఇద్దరూ గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే మధ్యనున్న 100 మీటర్లు ఐదు సెకన్లలోపే కరిగిపోతాయి. కింది నుంచి ఎక్కేవాడికి నెత్తిన రెక్క అడ్డం, పైన ఎవరున్నారో కనబడదు. కాబట్టి పైనున్నవాడే చోటివ్వాలని బ్రీఫింగ్‌లో ప్రతిరోజూ చెప్పు, విసుక్కున్నా సరే. వాలు వెంట ఎగిరేటప్పుడు కొండ కుడిచేతి వైపున్నవాడిది దారి. స్టార్ట్ వలయానికి (పందెం మొదలయ్యే చోటుకి) మేఘం అడుగు కంటే తక్కువ ఎత్తులో పరిమితి పెడితే, కాచుకునే గుంపు మేఘంలోకి నెట్టుకుపోదు.

భద్రతకు రేడియోలో ఒకే ఫ్రీక్వెన్సీ ఉంచు. పైలట్లు 1 బాగుంది, 2 కష్టంగా ఉంది, 3 ప్రమాదం అని చెబితే చాలు. నమ్మదగిన ఒకరిద్దరు 3 అంటే టాస్క్ ఆపడానికి ఇంకొకరి మాట కోసం చూడకు.

ఎవరైనా రిజర్వ్ పారాచూట్ విప్పితే, కిందికి దిగి క్షేమంగా ఉన్నవాళ్లు రెక్కని వెంటనే ముడిచేయాలి. పరిచి వదిలేస్తే సాయం కావాలని అర్థం. హెలికాప్టర్ వస్తుంటే ఆ చుట్టుపక్కల నుంచి అందర్నీ తప్పుకోమని రేడియోలో పదేపదే చెప్పించు.

చీకటి పడకముందే టేకాఫ్ జాబితాకీ, దిగామని చెప్పినవాళ్ల జాబితాకీ పేరు పేరునా సరిచూడు. ఒక్క పేరు తగ్గినా ఆ పైలట్ చివరి ట్రాకర్ బిందువు దగ్గరికి మనిషిని పంపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న