టెక్ సందేహాలు: కొత్త దుకాణానికి లెక్కలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మేము నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరులోని మారతహళ్లిలో స్థిరపడ్డాం. రెండు నెలల క్రితం చిన్న దుకాణం అద్దెకు తీసుకుని పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్ముతున్నాను. లెక్కలు నోటుపుస్తకంలో రాస్తున్నాను. యూపీఐ డబ్బు నా సేవింగ్స్ ఖాతాకే వస్తోంది. ట్యాలీ కొనాలా, ఎక్సెల్ చాలునా, ఫోన్ యాప్‌తో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: మీరు సాఫ్ట్‌వేర్ గురించి అడిగారు గానీ, అంతకంటే ముందు మార్చవలసినది మీ గల్లాపెట్టె దగ్గరున్న క్యూఆర్ అట్ట. దానికి వచ్చే డబ్బు మీ సొంత ఖాతాలో పడుతున్నంతకాలం, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో రాసినా అది ఇంటి లెక్కో దుకాణం లెక్కో తేలదు. 2025 జూలైలో ఈ నగరంలో జరిగినది మీకు గుర్తుండే ఉంటుంది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి 2024-25 వరకు వర్తకులకు యూపీఐ ద్వారా అందిన మొత్తాల వివరాలు తెప్పించుకుని, జీఎస్టీ నమోదు పరిమితి దాటినట్లు కనిపించిన వేలాది చిన్న దుకాణాలకు నోటీసులు పంపింది. చాలామంది భయపడి యూపీఐ తీసుకోబోమని అట్టలు కట్టారు. అది పరిష్కారం కాదు, ఎందుకంటే టర్నోవరులో, అంటే ఏడాది మొత్తం అమ్మకాల విలువలో, నగదు అమ్మకాలు కూడా కలుస్తాయి. అలాంటి నోటీసుకు జవాబు ఇవ్వాలంటే, వచ్చిన మొత్తంలో అమ్మకం ఎంత, తమ్ముడు తిరిగిచ్చిన చేబదులు ఎంత, చీటీ పాడుకున్న డబ్బు ఎంత అని ఆధారాలతో విడదీసి చూపాలి. అన్నీ ఒకే ఖాతాలో కలిసిపోయాక, మూడేళ్ల తరవాత కూర్చుని విడదీయడం ఎంత ఓపిక ఉన్నవారికైనా తలకు మించిన పనే.

కాబట్టి ఈ వారంలోనే దుకాణం పేరుతో కరెంటు ఖాతా తెరవండి. బ్యాంకువారు వ్యాపారానికి రుజువు అడుగుతారు. చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యం పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో రుసుము లేకుండానే నమోదు చేసుకోవచ్చు. క్యూఆర్‌ను ఆ ఖాతాకు మార్చుకుని, ఇంటికి డబ్బు కావలసినప్పుడు దుకాణం ఖాతా నుంచి మీ సొంత ఖాతాకు పంపుకోండి. మన కామర్స్ పుస్తకాల్లో దీన్నే సొంతవాడకాలు అంటారు. అది ఖర్చు కాదు, మీ మూలధనంలోంచి మీరు తీసుకున్న సొమ్ము. సరుకు ఇచ్చేవారికి కూడా వీలైనంతవరకు ఈ ఖాతా నుంచే చెల్లించండి. అసలు ఖర్చుల ఆధారంగా ఆదాయం లెక్క చూపేవారు ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే, సాధారణంగా ఆదాయపు పన్ను లెక్కలో ఆ మొత్తాన్ని ఖర్చుగా ఒప్పుకోరు.

తరవాత పద్దుల పేర్లు. కొత్తవారు యాభై, అరవై పద్దులు తెరిచి నెల తిరక్కుండానే విసిగిపోతారు. మీకు అమ్మకాలు, ముడిసరుకు, సీసాలు-ప్యాకింగు, అద్దె, జీతాలు, కరెంటు-గ్యాసు, డెలివరీ, బ్యాంకు ఛార్జీలు, మూలధనం, సొంతవాడకాలు ఉంటే దాదాపు సరిపోతుంది. వీటికి తోడు రెండు పద్దులను జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటిది దుకాణం అడ్వాన్సు. బెంగళూరులో ఇంటికైనా దుకాణానికైనా నెలల తరబడి అద్దెను అడ్వాన్సుగా ఇవ్వడం పరిపాటి కాబట్టి, అది పెద్ద మొత్తమే అయి ఉంటుంది. దాన్ని మొదటి నెల ఖర్చులో రాసి, వ్యాపారం నష్టాల్లో పడిందని దిగులుపడేవారు ఉన్నారు. అది తిరిగి రావలసిన డబ్బు, ఆస్తుల వైపు ఉండాలి. రెండవది గ్రైండరు, ఫ్రిజ్ వంటి సామాను. అవి కూడా ఆస్తులే. ఏటా తరుగుదలను, అంటే వాడకంతో తగ్గిన విలువను మాత్రమే ఖర్చుగా రాస్తారు.

మీది రెండు నెలల దుకాణమే కనుక పాత లెక్కను వదిలేయకుండా మొదటి రోజు నుంచే ఎక్కించండి. బ్యాంకు స్టేట్‌మెంటు, మీ నోటుపుస్తకం పక్కపక్కన పెట్టుకుంటే రెండు ఆదివారాల పని.

ఇక మీరు అడిగిన విషయం. రోజుకు పాతిక బిల్లుల లోపు ఉండి, జీఎస్టీ నమోదు లేకపోతే, తేదీ, బిల్లు నంబరు, ఎవరు, ఏ పద్దు, నగదా బ్యాంకా, జమ, ఖర్చు అనే ఏడు గడుల ఎక్సెల్ పట్టీ ఈ ఏడాదికి చాలునని నా అభిప్రాయం. దాని లోపం ఏమిటంటే, ఏ అంకెనైనా ఎవరైనా మార్చవచ్చు, మార్చిన జాడ సులభంగా తెలియదు. బిల్లులు పెరిగినప్పుడు జంట పద్దు విధానంలో, అంటే ప్రతి లావాదేవీని రెండు పద్దుల్లో రాసే పద్ధతిలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు మారక తప్పదు. ట్యాలీ మన బెంగళూరు సంస్థదే. 1986లో శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా దీన్ని మొదలుపెట్టారు. ట్యాలీ ప్రైమ్‌లో మీ లెక్క మామూలుగా మీ విండోస్ కంప్యూటర్‌లోనే ఉంటుంది, దాన్ని కాపాడుకునే బాధ్యత కూడా మీదే. చెన్నై సంస్థ జోహో తయారుచేసిన జోహో బుక్స్‌లో లెక్క వారి సర్వర్లలో ఉంటుంది, ఫోన్‌లోనూ రాసుకోవచ్చు. కొనేముందు మీ ఆడిటర్‌ను ఒక మాట అడగండి. ఆయన ట్యాలీలో పనిచేస్తుంటే మీరు మరొకదానిలో రాయడం వల్ల ఏడాది చివర ఇద్దరికీ పని పెరుగుతుంది. బాకీలు గుర్తుచేసే ఫోన్ యాప్‌లు బాకీల వరకు మంచివే, వాటిని పూర్తి లెక్కగా నమ్ముకోవద్దు.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక చెప్పాలి. కర్ణాటకలో సరుకులు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 40 లక్షల రూపాయలు. కానీ పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి. హైదరాబాదులోని స్నేహితురాలికి డబ్బు తీసుకుని ఆవకాయ పార్సిల్ పంపినా, పక్కనే తమిళనాడులో ఉన్న హోసూరు దుకాణానికి పొడులు వేసినా ఈ నియమం కిందికే వస్తుంది. అలాంటి ఆర్డర్లు తీసుకునే ఆలోచన ఉంటే ముందే నమోదు చేసుకోండి.

ప్రశ్న: మాది కృష్ణరాజపురంలో హార్డ్‌వేర్ దుకాణం, జీఎస్టీ నమోదు ఉంది. కంప్యూటర్ డిస్కు పాడై ఐదు నెలల ట్యాలీ లెక్క పోయింది. డి డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది గానీ అదీ తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: చాలా కంప్యూటర్లలో సి, డి డ్రైవ్‌లు ఒకే డిస్కులో గీసుకున్న రెండు భాగాలు, అందుకే రెండూ కలిసి పోయాయి. డిస్కును మళ్లీ మళ్లీ ఆన్ చేయకుండా డేటా వెలికితీసేవారికి చూపించండి. ఈలోగా లెక్కను చాలావరకు తిరిగి కట్టుకోవచ్చు. మీరు దాఖలు చేసిన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో అమ్మకాలు ఉంటాయి, మీకు సరుకు ఇచ్చినవారు దాఖలు చేసిన వివరాల నుంచి తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో కొనుగోళ్లు ఉంటాయి, చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంటులో దొరుకుతాయి. నగదు ఖర్చులు మాత్రం రసీదులు చూసి రాసుకోవలసిందే. ఈ శ్రమ పడక తప్పదు, ఎందుకంటే జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఇకపై ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై మీటలు కలిపి నొక్కి రోజూ బ్యాకప్ తీసి, ఒక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లండి, మరొకటి ఆన్‌లైన్‌లో ఉంచండి. నెలకొకసారి ఆ ప్రతిని వేరే ఫోల్డర్‌లో రిస్టోర్ చేసి తెరుచుకుంటోందో లేదో చూడండి. అసలు లెక్క ఉన్న ఫోల్డర్‌లోకే రిస్టోర్ చేస్తే కొత్త లెక్క చెరిగిపోతుంది.

ప్రశ్న: రోజుకు అరవై యూపీఐ చెల్లింపులు వస్తాయి, బ్యాంకులో మాత్రం మొత్తం ఒకేసారి పడుతుంది. బిల్లులతో ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: 'యూపీఐ రావలసినది' అని ఒక పద్దు తెరవండి. రోజు యూపీఐ అమ్మకాలన్నీ అందులో రాసి, బ్యాంకులో పడిన మొత్తాన్ని అందులోంచి తీసివేయండి. అంతా సరిగా ఉంటే మిగులు సున్నా కావాలి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వర్తకుడి దగ్గర ఎండీఆర్ అనే లావాదేవీ ఛార్జీ తీసుకోవడం లేదు కాబట్టి, చిన్న తేడా కనిపిస్తే మీ సౌండ్‌బాక్సు నెల అద్దె అందులోంచే కోసుకున్నారేమో మొదట చూడండి.