‘అవసరం’ మీద రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే మాటకు భాషను బట్టి అర్థం మారడం మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పది మాటలు ఏరకుండా ‘అవసరం’, ‘రాజీనామా’ రెండే పట్టుకున్నావు, బాగుంది. కానీ ‘అవసరం’ అన్నది ‘అవశ్యం’ నుంచి వచ్చిందన్న వాక్యం కొట్టెయ్. అవశ్యం అంటే వశం కానిది, తప్పనిది. అవసరానికి మూలం ‘సృ’ ధాతువు, అంటే కదలడం. దాని ముందు ‘అవ’ ఉపసర్గ. సంస్కృతంలో అదను, సందర్భం, తీరిక అని అర్థాలు. మన కావ్యాల వచనంలో ‘అయ్యవసరంబున’ అంటే ‘ఆ సమయంలో’ అనే.

హిందీ, మలయాళం ఆ పాత అర్థం దగ్గరే ఆగాయి. మలయాళంలో ‘తొళిలవసరం’ అంటే ఉద్యోగావకాశం. కన్నడం, తమిళం తొందర వైపు వెళ్లాయి. ‘అవసరవే అపఘాతక్కె కారణ’ అన్న కన్నడ హెచ్చరికను తెలుగు కళ్లతో చదివితే, అవసరం ఉండటమే ప్రమాదమనిపిస్తుంది! వాళ్లు వద్దంటున్నది తొందరని.

అసలు చిక్కు తమిళంతో. రెండు భాషల్లోనూ ఈ మాట పక్కన ‘పడు’ చేరుతుంది. మనం ‘నాకు డబ్బు అవసరపడింది’ అంటాం. తమిళంలో ‘అవన్ అవసరప్పట్టాన్’ అంటే వాడు తొందరపడ్డాడు. విభక్తి చూడు: మన వాక్యంలో మనిషికి ‘కు’ తగిలింది, తమిళంలో మనిషే కర్త. అనువాదంలో తడబడినప్పుడు నిఘంటువు కంటే ముందు ఇది చూసుకో. భాషకు కనీసం మూడు వాక్యాలు, ఆ భాష మాట్లాడేవాళ్ల నోట విన్నవి, క్రియతో సహా రాసిపెట్టుకో. ఒంటి మాటకు అర్థం అడిగితే సగమే చెబుతారు.

అదను తప్పకూడదంటే పని చెయ్యాలి, అదీ వెంటనే. పని మీద చూపు నిలిస్తే మన అవసరం, సమయం మీద నిలిస్తే వాళ్ల తొందర. ఇది ఊహ, ఊహ అనే రాయి. తొందర మనకూ పూర్తిగా పరాయిది కాదు. తమిళ ఆసుపత్రిలో ‘అవసర శికిచ్చై పిరివు’ అన్నదాన్ని మనం ‘అత్యవసర చికిత్స విభాగం’ అంటాం. ‘అతి’ చేరిస్తే గానీ మనకు ఆ తొందర పలకదు.

ఇంకొకటి. ‘అసలు అర్థాన్ని తెలుగువాళ్లు చెడగొట్టారు’ అన్నావే, అది నాకు నచ్చలేదు. పాత అర్థం పాతది, అంతే. అలా అనుకుంటే నీ రెండో మాట ‘రాజీనామా’ దగ్గరా ఇరుక్కుంటావు: ఫారసీలో రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. ఉర్దూలో అది రాజీపత్రం, మనకు ఉద్యోగం వదులుకునే కాగితం. విడిగా ‘రాజీ’ మాత్రం మన దగ్గరా రాజీయే. ఆ భాగం అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ పంపు.