మెట్లెక్కనా, మానుకోనా?

ప్రశ్న: డాక్టరమ్మగారూ, నాకు 68 ఏళ్లు. బడిపంతులుగా రిటైరయ్యాను. అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లడం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు కుడి మోకాలు అరిగిందన్నారు. పదేళ్లుగా షుగర్ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నాను. ఈసారీ నడుస్తానంటే మా అబ్బాయి "ఈ వయసులో మెట్లేంటి నాన్నా, కారులో వెళ్దాం" అంటున్నాడు. మానుకోవాల్సిందేనా?
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: మాష్టారూ, మీ వయసు చూసి వద్దనను. మీ పాదాలు చూడందే సరే అని కూడా అనను. మీరు మోకాలి గురించి బెంగపడుతున్నారు గానీ నా భయం షుగర్ గురించి. ఆ దారిలో చెప్పుల్లేకుండా నడుస్తాం కదా! ఇన్నేళ్ల షుగర్‌తో అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే రాయి గుచ్చుకున్నా, ఎండకి బండ కాలినా తెలియదు. ఆ పుండు ఓ పట్టాన మానదు. సన్నటి నైలాన్ పోగు అరికాలికి ఆనించి చేసే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. స్పర్శ లేదని తేలితే మాత్రం మొక్కు ఉందన్నా ఒప్పుకోను, నేనూ మీ అబ్బాయి పక్షమే.

పాదాలు బాగుంటే గుండె కూడా ఓసారి చూపించుకోండి. పెద్దవయసులో షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీ చెబుతున్నది ఊరికే కాదు.

ఇక మోకాలు. రెండు మూడు నెలల ముందు నుంచే తొడ కండరాలకు పని చెప్పండి. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, ఐదారు సెకన్లు ఆపి దించాలి. చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోండి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. దగ్గరి దారి కదా అని శ్రీవారి మెట్టు వైపు వెళ్లకండి. మెట్లు 2,388 మాత్రమే గానీ నిటారుగా ఉంటాయి. అలిపిరిలో 3,550 ఉన్నా, గాలిగోపురం దాటాక చాలా దూరం చదునే. మోకాళ్ల పర్వతం దగ్గర పంతానికి పోకుండా కూర్చుంటూ ఎక్కండి. దిగేటప్పుడు బస్సే. అరిగిన మోకాలికి ఎక్కడం కంటే దిగడమే కష్టం.

గ్లిమిపిరైడ్ వేసుకుని ఖాళీ కడుపుతో ఎక్కితే షుగర్ పడిపోవచ్చు. ఆ రోజు డోసు ఎంతో మీ డాక్టర్ని ముందే అడగండి. ఉపవాసం వద్దు. చెమటలు, వణుకు వస్తే అలసట అనుకోకండి, ఆగి వెంటనే గ్లూకోజ్ నోట్లో వేసుకోండి. సంచీ అబ్బాయికివ్వండి. అన్నట్టు, తండ్రికి షుగర్ ఉంటే కొడుక్కీ వచ్చే అవకాశం ఎక్కువ. మీ పరీక్షలకి వెళ్లినప్పుడు అతనికీ ఓసారి చేయించండి.